జోల్వాలో దొరల చాయ్

మగ్గాల పనిలో కొత్తగా చేరే తమ్ముళ్లకు, సాయంత్రం నాలుగింటికి మెషీన్లు ఆపి కూర్చుని చాయ్ తాగడం లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతిలా కనిపిస్తుంది. సూరత్ పక్కన జోల్వాలో మా కార్ఖానాకు అది ఎట్లా వచ్చిందో చెబుతాను. జెండా పట్టి, గేటు ముందు కూర్చుని సాధించుకున్నామని చెప్పాలని నాకూ ఉంది. కానీ జరిగింది వేరు. మా చాయ్ విరామం ఇంగ్లండు నుంచి వచ్చింది. అదీ వీడియో కాల్‌లో.

నేను అక్కడ వీవింగ్ మాస్టర్‌ని. పవర్‌లూమ్‌ని మా కరీంనగర్ దిక్కు సాంచె అంటాం. సాంచె ఆగితే ఎందుకు ఆగిందో చూసి మళ్లీ నడిపించడం నా ఉద్యోగం. పనివాళ్లలో సగంమంది మా దిక్కువాళ్లే. సూరత్ శివార్లలో భేస్తాన్‌లో ఇరుకు గదులు, జోల్వాలో పన్నెండు గంటల షిఫ్టు, ఎప్పుడైనా ఆదివారం డుమస్ బీచ్‌లో టమాటా భజియా. ఇదీ మా సూరత్.

కరోనాకు ముందు మాకు చాయ్ విరామం లేదు గానీ చాయ్ మాత్రం ఉండేది. గేటు బయట బండి పెట్టుకున్నాయన కెటిల్ పట్టుకుని లోపలికి వచ్చేవాడు. అల్లం, పుదీనా, నిమ్మగడ్డి వేసి పాలలో మరగబెట్టిన సూరతీ చాయ్. పనివాడు ఒక కన్ను పోగుల మీద, ఒక కన్ను సాసరు మీద పెట్టి, జుర్రుమని లాగేసి, సాసరు తిరిగిచ్చేవాడు. సాంచె ఆగేది కాదు. ఆగకపోవడమే దాని గొప్ప అని మా సేఠ్ మురిసిపోయేవాడు.

లాక్‌డౌన్ వచ్చింది. అందరూ దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. ఊళ్లో పని లేక, మళ్లీ దొరికిన బండి ఎక్కే తిరిగి వచ్చారు. కార్ఖానాలో ఒక్కొక్కటే తెరిచారు. గేటు తెరిచారు. సాంచెలు నడిపారు. పన్నెండు గంటల షిఫ్టును ఎక్కడ వదిలారో అక్కడే మొదలుపెట్టారు. చాయ్ ఒక్కటే మొదలు కాలేదు. కెటిల్ లోపలికి వస్తే దానితోపాటు రోగం వస్తుందని సేఠ్ అన్నాడు. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడి బట్ట నేసినప్పుడు రాని రోగం చాయ్ తాగితే ఎందుకు వస్తుందో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

అడగాల్సిన రోజు తొందరగానే వచ్చింది. మా దగ్గర ఒక పెద్ద నేతగాడు ఉండేవాడు. వయసు మీద పడ్డవాడు. అందరూ ఆయన్ని మామా అనే పిలిచేవారు. మామకు భార్యాపిల్లల తర్వాత చాయే. ఒక్కోరోజు ఆ వరుస మారేది కూడా. ఒక మధ్యాహ్నం ఉక్కలో, ముక్కుకు మాస్కుతో, నడుస్తున్న సాంచె మీదికి అట్లాగే వాలిపోయాడు. పక్క సాంచె అతను చొక్కా పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే చెయ్యి లోపలికి పోయేదే. మామకు నీళ్లు తాగించి, రేపు రమ్మని ఇంటికి పంపేశారు.

నేను సేఠ్ దగ్గరికి పోయాను. "సేఠ్, సాయంత్రం కాసేపు ఆపి చాయ్ పోయిద్దాం. మనుషులు పడిపోతున్నారు," అన్నాను.

"మాస్టర్‌జీ, నాకు మాత్రం బాధ లేదా?" అన్నాడాయన, ఎదురుగా ఉన్న చాయ్ కప్పును పక్కకు జరుపుతూ. "ఏం చేస్తాం, కాలం అట్లాంటిది."

ఆ మాట అన్న కొద్దిరోజులకే ఇంగ్లండు ఆర్డరు వచ్చింది. కిటికీ తెరలకు లోపల వేసే తెల్ల అస్తరు గుడ్డ కావాలట. కాలం బాగుంటే వాళ్ల మనిషి విమానం దిగి వచ్చి, కార్ఖానా చుట్టూ తిరిగి, పనివాళ్లను బాగా చూసుకుంటున్నారా లేదా అని చూసేవాడు. విమానాలు లేవు కాబట్టి ఫోన్‌లో చూస్తామన్నారు. లైట్లు చూపించండి, మరుగుదొడ్లు చూపించండి, మంటలార్పే సిలిండర్ చూపించండి అంటూ చివర ఒక మాట కలిపారు: పనివాళ్ల టీ బ్రేక్ కూడా చూపించండి.

సేఠ్‌కు మరుగుదొడ్ల గురించి రాని దిగులు చాయ్ గురించి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దేని గురించైనా సర్దుకుంటారు గానీ చాయ్ గురించి సర్దుకోరని మా మేనేజరు ఆయనకు ఎక్కించాడు. మేనేజరు సేఠ్ మేనల్లుడు. పుణెలో మేనేజ్‌మెంట్ చదివి వచ్చాడు. మంచివాడే, కానీ ఏది చేసినా ముందు దాని చరిత్ర చదివి గానీ చేసేవాడు కాదు. చాయ్ ఊసెత్తిన పాపానికి నన్ను ఇన్‌చార్జిని చేశారు.

ఆ వారమంతా మాకు క్లాసులు. సాంచెలు నడుస్తుండగా ఏమీ వినపడదు కాబట్టి, షిఫ్టు మారేటప్పుడు గుడ్డ తానుల మీద కూర్చోబెట్టి మేనేజరు చెప్పేవాడు. మొదట చాయ్ చైనాలోనే ఉండేదట. పోర్చుగల్ నుంచి ఇంగ్లండుకు కోడలిగా వచ్చిన ఒక రాణి ఆ అలవాటును రాజుగారి ఇంట్లోకి తెచ్చిందట. మొదట్లో అది బంగారమంత ఖరీదు. ఆకును తాళం వేసిన డబ్బాలో పెట్టి, తాళంచెవి ఇంటి యజమానురాలు తన దగ్గరే ఉంచుకునేదట. తర్వాత అస్సాంలో తోటలు వేసి, మన కూలీలతో ఆకు కోయించి, అక్కడి వంటవాళ్లూ బట్లర్లూ కూడా తాగేంత చవక చేశారట.

"మధ్యాహ్నం చాయ్ ఎట్లా పుట్టిందో తెలుసా?" అని అడిగాడు మేనేజరు హిందీలో. "ఒక జమీందారిణి ఉండేది. వాళ్లకు రాత్రి భోజనం చాలా ఆలస్యం. మధ్యాహ్నం దాటాక ఆమెకు నీరసం వచ్చేది. అందుకని గదిలోకి చాయ్, రొట్టె తెప్పించుకునేది. అదే ఆచారమైపోయింది."

దారం కండెలు చుట్టే దగ్గర ఒక చెల్లె ఉండేది. మా దిక్కుదే. పెళ్లయినప్పటి నుంచీ సూరత్‌లోనే ఉంది, గుజరాతీ ఆ ఊళ్లో పుట్టినదానిలాగా మాట్లాడేది. ఆమె నా వైపు వంగి తెలుగులో అంది.

"అన్నా, గామెకు నీర్సమొస్తె ఆచారమైంది. మన మామకు నీర్సమొస్తె ఇంటికి తోలిన్రు."

"ఏమంటోంది?" అన్నాడు మేనేజరు.

"బాగా అర్థమైందంటోంది సాబ్," అన్నాను.

తర్వాత పద్ధతులు నేర్పాడు. ముందు చిన్న కుండలాంటి పింగాణీ కెటిల్‌ను వేడినీళ్లతో కడిగి వెచ్చబెట్టాలి. మనిషికో చెంచా ఆకు, కెటిల్ పేరు మీద ఇంకో చెంచా. మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, ముట్టుకోకుండా ఆగాలి. చెంచా కప్పుకు తగిలి టింగుమనకూడదు. జుర్రుమనకూడదు. సాసరు కప్పు కింద పెట్టుకోవడానికే గానీ అందులో పోసుకు తాగడానికి కాదు. కప్పు పట్టుకునేటప్పుడు చిటికెన వేలు కొంచెం పైకి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది బ్లాక్ టీ. పేరులోనే ఉంది, నలుపు. పాలు పడకూడదు.

"పాలు లేకుంట చాయేందిరా?" అన్నాడు మామ. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "గది కషాయం."

కప్పులు సేఠ్ ఇంటి నుంచి వచ్చాయి. సేఠానీ అద్దాల బీరువాలో దాచుకున్న బంగారు అంచు సెట్టు. కార్ఖానావాళ్ల మూతులు తగులుతాయని ఆమె మొదట ఒప్పుకోలేదట. ఒప్పుకుంటూ, తాగే ముందూ తాగిన తర్వాతా శానిటైజర్‌తో తుడవాలని షరతు పెట్టింది. తుడిచారు. రిహార్సల్ రోజు మామ కప్పు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"మాస్టరూ, గిండ్ల మందు కలిపిన్రా ఏంది? వాసనొస్తున్నది."

అందరూ ఒక్కసారి కప్పులు వాసన చూసుకున్నారు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కదా. ఆ క్షణంలో కొందరికి దొరల చాయ్ మీద గౌరవం పెరిగింది. శానిటైజర్ అని నేను చెప్పగానే తగ్గిపోయింది.

కాల్ రోజున మేనేజరు అందరినీ నిలబెట్టి చివరి మాట చెప్పాడు. "అడిగితే, చాయ్ రోజూ ఇస్తారని చెప్పండి. ఈ ఆర్డరు పోతే కార్ఖానాకు తాళమే. మళ్లీ ఊరి బండి ఎక్కాల్సిందే." ఆయన బెదిరించలేదు. నిజమే చెప్పాడు. ఆ బండి ఎట్లా ఉంటుందో మాకు తెలుసు.

నాలుగింటికి సాంచెలు ఆపాం. ఎప్పుడూ వినపడని ఫ్యాన్ల చప్పుడు వినపడింది. తెల్ల అస్తరు గుడ్డే బల్లల మీద పరిచి, మామనూ చెల్లెనూ ముందు వరుసలో కూర్చోబెట్టారు. నేను వెచ్చబెట్టిన కెటిల్‌తో నిలబడ్డాను. సేఠ్ కెమెరాకు కనపడకుండా స్తంభం వెనక నిలబడ్డాడు.

తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకామె తెల్లజుట్టు ఇంగ్లీషామె. పక్కనే ఇంకో చిన్న చదరంలో ఆమె అసిస్టెంటు, మన దేశపు ముఖం ఉన్న అమ్మాయి. పెద్దామె చేతిలో కుండంత మగ్గు ఉంది. దానిలోంచి టీ బ్యాగ్ దారం వేలాడుతోంది. ఆమె దాన్ని బయటికి లాగకుండానే, మా అందరి ముందూ, పాలసీసా ఎత్తి అందులో పోసుకుంది. ఎర్రటి గోధుమరంగు చాయ్ తయారైంది.

"గామె చాయ్ మన చాయ్ లెక్కనే ఉన్నది గదరా!" అన్నాడు మామ గట్టిగానే. సాంచెల మధ్య పనిచేసేవాడికి మెల్లగా మాట్లాడటం రాదు.

మేనేజరు ముఖం చూడాల్సింది. ఆ చాయ్ నలుపెందుకు కాలేదో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. బ్లాక్ టీ అనేది ఆకు పేరు. కోసిన ఆకును నలిపి, గాలికి నల్లబడనిచ్చి ఎండబెడతారు, అందుకని ఆ పేరు. అందులో పాలు పోసుకోవాలా వద్దా అన్నది తాగేవాడి ఇష్టం. ఇంగ్లండులో ఎక్కువమంది పోసుకుంటారు. అక్కడి కొట్లాటంతా పాలు ముందు పొయ్యాలా తర్వాత పొయ్యాలా అన్నదాని మీదే.

పెద్దామె ఇంగ్లీషులో ఏదో అడిగింది, మామ వైపు చూపిస్తూ. ముఖంలో ఆందోళన. మేనేజరు మావైపు తిరిగి గుజరాతీలో తర్జుమా చేశాడు.

"మామ వేలికి దెబ్బ తగిలిందా అని అడుగుతోంది. మెషీన్‌లో పడిందా అంటోంది."

మామ చిటికెన వేలు జెండా కర్రలాగా నిలబడి ఉంది. మరిచిపోకుండా, చెప్పినదానికన్నా ఎక్కువ పైకి ఎత్తాడు. మేనేజరు సైగ చేశాడు. మామ వేలు దించాడు. ఆమె బాగయిందా అన్నట్టు చూసింది. మేనేజరు ఏం చెప్పాడో నాకు తెలియదు గానీ, మనవాళ్ల సంప్రదాయం అన్న మాట ఒకటి వినిపించింది.

వేలు దిగిన ధైర్యంతో మామ అసలు అలవాటుకు వచ్చేశాడు. చాయ్‌ని సాసరులోకి వంచి, ఊది, కార్ఖానా అంతా వినపడేలా జుర్రుమన్నాడు. మేనేజరు కళ్లు మూసుకున్నాడు. తెర మీద పెద్దామె పెద్దగా నవ్వింది. నవ్వుతూనే చాలాసేపు మాట్లాడింది. ఈసారి మేనేజరు కన్నా ముందు ఆ అమ్మాయి, ఎట్లా ఉన్నావక్కా అని చెల్లెను పలకరిస్తూ, గుజరాతీలో అందుకుంది.

"కేమ్ ఛో, బెన్? మేడమ్ వాళ్ల తాత కూడా మగ్గాల మిల్లులోనే పనిచేశాడట. ఆయన కూడా సాసరులోనే తాగేవాడట. అప్పట్లో అక్కడ అందరూ అట్లాగే తాగేవాళ్లట. చాయ్ అలవాటైతే కూలీలు బద్ధకస్తులవుతారని పెద్దమనుషులు పత్రికల్లో రాసేవాళ్లట కూడా."

ఆ అమ్మాయి లెస్టర్‌లో పుట్టిందట. తాత ముత్తాతలది సూరత్ పక్కనే నవసారి దిక్కు. ఆమెకు గుజరాతీ వస్తుందని మేనేజరుకు అప్పుడే తెలిసింది. తను చేసిన తర్జుమాలన్నీ ఆ అమ్మాయి విన్నదన్న సంగతి మెల్లగా తట్టి ఆయన ముఖం తెల్లబోయింది.

ఆ అమ్మాయి చెల్లెను అడిగింది. "బెన్, చాయ్ ఎట్లా ఉంది? రోజూ ఇట్లాగే ఇస్తారా?"

అందరం చెల్లె వైపు చూశాం. అవునంటే అబద్ధం. కాదంటే బండి. స్తంభం వెనక సేఠ్ కదలడం మానేశాడు. చెల్లె కప్పులోకి చూసింది, మామ వైపు చూసింది. మాస్కు సర్దుకుని, నెమ్మదిగా, మంచి గుజరాతీలో చెప్పింది.

"చాయ్ బాగుంది బెన్. రోజూ నాలుగింటికి ఆపి తాగాలని మా సేఠ్ చెప్పాడు. మీరు దూరంగా ఉంటారు, మళ్లీ ఎప్పుడు చూస్తామో! ఏ రోజైనా ఈ టైంకి ఫోన్ చెయ్యండి. కలిసి తాగుదాం."

అమ్మాయి నవ్వి పెద్దామెకు చెప్పింది. పెద్దామె నవ్వలేదు. మగ్గు బల్ల మీద పెట్టి చెల్లెను ఒక నిమిషం చూసింది. తర్వాత తలూపింది.

"తప్పకుండా చేస్తానంటోంది," అంది అమ్మాయి. "ఏ రోజో మాత్రం చెప్పదట."

ఏ రోజో తెలియకపోవడంలో ఎంత బలం ఉందో నేను అప్పుడే చూశాను. మర్నాడు నాలుగింటికి సేఠ్ తానే సాంచెలు ఆపమన్నాడు. ఆ మర్నాడు కూడా. ఫోన్ మోగితే సాంచెల చప్పుడు వినపడకూడదు కదా. నిజంగానే రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ మామ సాసరు ఎత్తి చూపించాడు.

పాల సంగతి నేను ఎత్తకపోలేదు. "వాళ్లే పాలు పోసుకుంటున్నారు గదా సేఠ్, మనమూ పోద్దాం," అన్నాను. సేఠ్ తల అడ్డంగా ఊపాడు. "వాళ్లు మన దగ్గర నల్ల చాయ్ చూశారు మాస్టర్‌జీ. ఇప్పుడు మారిస్తే మోసం చేసినట్టు కాదూ?" ఆ మొత్తం వ్యవహారంలో ఆయన పట్టించుకున్న నిజాయితీ అదొక్కటే.

బంగారు అంచు కప్పులు బీరువాలోకి వెళ్లిపోయాయి, స్టీలు గ్లాసులు వచ్చాయి. నల్ల చాయ్ మాత్రం మిగిలింది. ఒకరు ఉప్పు వేసుకునేవారు, ఒకరు నిమ్మకాయ పిండుకునేవారు, కరోనాకు మందని ఒకరు మిరియాలు దంచి తెచ్చేవారు. రిటైరయ్యాక ఖాళీ దొరికి ఎక్కడో చదివాను. మన దేశంలో జనానికి చాయ్ అలవాటు చేయడానికి, మిల్లుల్లో చాయ్ కోసం పని ఆపండని మొదట యజమానులకు నచ్చజెప్పింది ఇంగ్లీషు తోటల కంపెనీలేనట. మనవాళ్లు పాలూ అల్లమూ వేసి ఆకు తగ్గించేస్తున్నారని వాళ్లకు కోపం కూడా వచ్చేదట. ఆ కోపం జోల్వాలో మా మీద తీరింది.

తర్వాత రెండో విడత కరోనా వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయను. కొన్ని సాంచెల ముందు కొత్త మనుషులు నిలబడ్డారు. గేటు బయటి చాయ్ బండాయన మళ్లీ కనపడలేదు. ఊరికి పోయాడని కొందరన్నారు. ఇంకొందరు ఇంకోటి అన్నారు.

ఆ గండం గడిచాక ఇంగ్లండు కంపెనీ అస్తరు గుడ్డ ఇంకో దేశం నుంచి తీసుకుంటామని చెప్పింది. ఆ వార్త వచ్చిన రోజే మేనేజరు నన్ను పిలిచాడు. "ఇక ఎవరూ ఫోన్ చెయ్యరు మాస్టర్‌జీ. రేపటి నుంచి బ్రేక్ అవసరం లేదు. మీరే చెప్పండి."

చెప్పాను. సాంచెల హోరులో, చేతులతో, పెదాలతో చెప్పాను. మా భాష అదే. విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అది నాకు నచ్చలేదు. మావాళ్లు ఏమీ అనకపోతే నాకు భయం.

మర్నాడు నాలుగింటికి ముందు చెల్లె కండెల మిషను ఆగింది. తర్వాత మామ సాంచె. ఆ పక్కది. దాని ఎదుటిది. వాన వెలిసినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకు చప్పుడు తగ్గుతూ పోయింది. చివరికి ఫ్యాన్లు మిగిలాయి. ఎవరి స్టూలు మీద వాళ్లు కూర్చున్నారు. నినాదం లేదు, కేక లేదు.

ఆఫీసులోంచి సేఠ్ పరుగున వచ్చాడు, వెనక మేనేజరు. కార్ఖానా యజమానిని సైరన్ కన్నా ఎక్కువ భయపెట్టేది నిశ్శబ్దం.

"కరెంటు పోయిందా? మాస్టర్‌జీ, ఏం ఖరాబైంది?"

రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నవాణ్ని. కరెంటు మీద పెట్టేసి తప్పించుకోవచ్చు. కానీ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. "ఏమీ ఖరాబు కాలేదు సేఠ్," అన్నాను. "నాలుగైంది."

సేఠ్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. చెల్లె లేచి, తామే ఇంట్లో కాచుకుని డబ్బాలో తెచ్చుకున్న చాయ్‌ని ఒక గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది. "ముందు చాయ్ తీసుకోండి సేఠ్. తర్వాత తిట్టండి," అంది గుజరాతీలో. సూరత్‌లో ఎవరైనా చాయ్ ఇస్తే కాదనడం పెద్ద అవమానం. సేఠ్ మాస్కు కిందికి లాగి ఒక గుక్క తాగాడు.

ఆ ముఖాన్ని నేను ఎప్పటికీ మరిచిపోలేను. మింగాలా ఉమ్మాలా తెలియక బుగ్గలో పెట్టుకుని చుట్టూ చూశాడు. ఎట్లాగో మింగాడు.

"దూధ్ నథీ? పాలేవి?"

"మీరే వద్దన్నారు గదా సేఠ్. దొరలు మన దగ్గర నల్ల చాయే చూశారని," అన్నాను.

"ఇన్నాళ్లూ ఇదే తాగుతున్నారా? రోజూ?"

"రోజూ," అంది చెల్లె.

సేఠ్ మేనల్లుడి వైపు తిరిగాడు. మామ పడిపోయిన రోజున కూడా ఆయన గొంతు అంత లేవలేదు. "నా కార్ఖానాలో! సూరత్‌లో! మనుషులకు ఇట్లాంటి చాయ్ పోస్తున్నారా? బయట తెలిస్తే నా ఇజ్జత్ ఏమవుతుంది?" అల్లం ఏదన్నాడు, పుదీనా ఏదన్నాడు, నిమ్మగడ్డి వెయ్యనిది కూడా ఒక చాయేనా అన్నాడు. చాయ్ ఉండాలా వద్దా అన్న మాట, చాయ్ ఎట్లా ఉండాలన్న కోపంలో కొట్టుకుపోయింది. దాన్ని మళ్లీ పైకి తియ్యడానికి మేనేజరుకు గానీ ఇంకెవరికి గానీ ధైర్యం చాలలేదు.

మర్నాడు నాలుగింటికి సాంచెలు ఆగాయి. పెద్ద గిన్నెలో పాలు పొంగాయి. అల్లం వాసన నూలు ధూళిని దాటుకుని సాంచెల చివరిదాకా వచ్చింది. గ్లాసులు పట్టుకుని అందరూ వరుసలో నిలబడ్డారు. పోసేవాడు గరిటె ముంచి ముందున్న మామ గ్లాసు వైపు వంచబోయాడు. మామ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు పాలు లేకుంట పొయ్యి బిడ్డా," అన్నాడు. "గిది కడుపుల బరువైతున్నది."